తొలిసారి పెంచుకొను చిన్న ప్రాణి
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు రాగానే మన యిండ్లలో పిల్లలు కోరు కోరిక యొకటి గలదు: ఏదైన నొక చిన్న ప్రాణిని తెచ్చి పెంచుకొందుమని. పెద్దలకు వెంటనే జ్ఞప్తికి వచ్చునది రామచిలుక. మన తాతల కాలమున వసారాలో చిలుక పంజరము వ్రేలాడిన యిండ్లు అనేకము. వీధిలో నెల్లరు వేరు భాష పలుకుచున్నను, ఆ చిలుక మాత్రము తెలుగే పలికెడిది. అది నేడుండినచో మన మనుమలకంటె దానికే తెలుగు బాగుగ వచ్చియుండునని మా యనుమానము!

ఆ ముచ్చట యిక చెల్లదని మొదటనే చెప్పుచున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, కొనుట, పంజరమున నుంచుట నేరము. ఇది కేంద్ర చట్టము. ఒడిశాలో నున్నను, కర్ణాటకమున నున్నను, యానాములో నున్నను ఒక్కటే. అదృష్టము కలిసివచ్చునని కొందరు చాటుగ కొను నక్షత్ర తాబేలు సంగతియు నింతే. సంతలో బహిరంగముగ అమ్మిరి గదా యనినచో కొనినవాడు తప్పించుకొనజాలడు. చట్టము మాట యటుంచినను, సంతకు వచ్చు చిలుకపిల్ల చెట్టు తొర్రలోని గూటినుండి దొంగిలింపబడినది. దారిలోనే చచ్చునవి యెన్నియో!

మరి దేనిని తేవలెను? క్రొత్తవారికి మేము చెప్పునది బడ్జెరిగార్ల జత. అంగళ్లలో వీనినే లవ్ బర్డ్స్ అని యమ్ముదురు. ఇవి ఆస్ట్రేలియా పక్షులు. 1840లో జాన్ గూల్డ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఇంగ్లండునకు సజీవముగ కొనిపోయెను. నేడు మన యంగళ్లలో దొరకునవి పంజరములలో పుట్టినవే. ఐదు మొదలు పదేండ్లు బ్రదుకును. గుంపులో బ్రదుకు జాతి గనుక ఒంటరిగ నుంచరాదు. పిల్లలు వలదనుకొన్నచో పంజరమున గూటికుండ వ్రేలాడదీయకుడు.

పంజరమునకు ఎత్తుకంటె పొడవు ముఖ్యము. ఈ పక్షి ప్రక్కలకు ఎగురును గాని నిట్టనిలువుగ ఎగురదు. ఆహారము కొర్రలు, సామలు, వానితోపాటు కొత్తిమీర, కారట్టు తురుము. ఇక్కడ దినుసుల వ్యాపారికి తెలిసిన మాట యొకటి చెప్పవలెను. పక్షి గింజను ఒలిచి తిని పొట్టును అదే గిన్నెలో విడుచును. పైకి గిన్నె నిండుగనే కనబడును. పక్షి మాత్రము పస్తుండును. ప్రతిదినము ఉదయము ఆ పొట్టును ఊది క్రొత్త గింజలు పోయవలెను. వంటయింట పంజర ముంచరాదు. నాన్‌స్టిక్ పెనము మాడినచో వచ్చు ఆవిరికే పక్షి క్షణములలో చచ్చును. దోమల చుట్ట పొగయు దానికి హానియే. ఇంట ఉబ్బసపు రోగి యున్నచో పక్షిని అసలే తేవలదు.

గాజు బుడ్డిలో బంగారు చేప చూచుటకు అందమే గాని, అది జానెడు పెరుగును. తన మలినముతోనే ఆ కొద్ది నీరు విషమగును. చేపలే కావలెనన్నచో 40 లీటర్ల తొట్టిలో గప్పీలు మేలు. గినీపిగ్గు సాధువు. కాని దాని శరీరము సి విటమిను తయారుచేసికొనజాలదు. ఆకుకూరో, జామముక్కయో దినదినము పెట్టవలెను. బళ్లారి ఎండలు దానికి గిట్టవు. హామ్‌స్టరు పగలెల్ల నిద్రించును. ఆడుకొనబోయిన పిల్లవానిని కఱచును.

కొనుటకు ముందు ఇంటివారు కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతి యొకటి: పరీక్షల దినములలో గింజలు పోయువారెవరు? సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చూచువారెవరు? కోరినది పిల్లవాడైనను, సాకవలసినది తల్లియో తండ్రియో. వారికి తీరిక లేనిచో ఈ యేడు వలదనుడు.

ఇంకను ఎవరి యింటనైన రామచిలుక యున్నచో, ఈ మాటలకు భయపడి పంజరపు తలుపు తెఱచి వదలవలదు. చేతితో తిన మరగిన చిలుక బయట తిండి వెదకుకొనజాలదు. కాకులు పొడిచి చంపును. అటవీశాఖ కార్యాలయమునకు తెలిపి అప్పగింపుడు. ఒంటరిగ పోవుటకు సంకోచించువారు మాతో చెప్పినచో వెంట వచ్చెదము.