మూగోడన్నారు, మైదానమేలాడు

(వాడ సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం)

 

ఈరోజు మనం తలుచుకునే మనిషి మన కులపోడు కాదు, మన దేశపోడు కాదు, మన రంగు కూడా కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆవుల్ని సాకి పాడి మీద బతికిన రైతు. అంతకుముందు చెప్పులు బాగుచేసేవాడు. ఆ రెండు పనుల మధ్య పెద్ద లీగుల్లో 14 సీజన్లు బేస్‌బాల్ ఆడాడు. పేరు విలియం ఎల్స్‌వర్త్ హోయ్. జనం మాత్రం ‘డమ్మీ హోయ్’ అన్నారు. డమ్మీ అంటే మన ఊళ్లల్లో ‘మూగోడు’ అన్నట్టే.

అంత దూరపు మనిషి సంగతి మనకెందుకు? మనల్ని బడి కాడ, పని కాడ ఆపేవాళ్లు ఎప్పుడూ ఒక సాకు చెబుతారు: “మీకోసం ఏర్పాట్లు చెయ్యడం కష్టమండీ” అని. ఆ సాకు ఎంత బూటకమో ఈయన బతుకు చూస్తే తెలుస్తుంది.

హోయ్ 1862 మే 23న హౌక్‌టౌన్ అనే చిన్న ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టాడు. మూడేళ్లప్పుడు మెనింజైటిస్ జ్వరం వచ్చి చెవులు పోయాయి. కొలంబస్ పట్నంలోని బధిరుల బడికి పంపారు. అక్కడ సైగల భాషలో చదివి 1879లో తరగతిలో ఫస్టున పాసయ్యాడు. ఆ మరుసటేడే, 1880లో, ఇటలీలోని మిలాన్‌లో బధిరులకు చదువు చెప్పే పంతుళ్ల మహాసభ జరిగింది. వాళ్లలో దాదాపు అందరూ చెవులు వినపడేవాళ్లే. సైగల భాష వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. దాంతో చాలా దేశాల బళ్లలో పిల్లల చేతులు కట్టేసినంత పనయ్యింది. ఎవరి చదువో వాళ్లను అడగకుండా తీర్మానం చెయ్యడమన్నమాట. వాడ యాసలో నోరు తెరిస్తే బడిలో నవ్వుల పాలైన మనకు ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

చదువయ్యాక హోయ్ సొంతూళ్లో చెప్పుల దుకాణం పెట్టుకున్నాడు. ఎండాకాలం ఆ ఊరి జనం ఉత్తకాళ్లతో తిరిగేవాళ్లు. బేరాలుండేవి కావు. ఖాళీ దొరికినప్పుడు పిల్లలతో కలిసి బంతాట ఆడేవాడు. అట్లా మొదలైన ఆట 1886లో ఆష్‌కాష్ అనే ఊరి జట్టులో జీతమిచ్చే కొలువైంది.

అసలు చిక్కు అక్కడొచ్చింది. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు. వచ్చిన బంతి కొట్టదగ్గదైతే అంపైరు ‘స్ట్రైక్’ అని, కాకపోతే ‘బాల్’ అని అరుస్తాడు. మూడు స్ట్రైకులైతే ఔటు. అరుపు వినపడని హోయ్ ప్రతి బంతికీ వెనక్కి తిరిగి ఏమైందో కనుక్కోవాలి. ఆయన సర్దుకునేలోపే అవతలివాడు ఇంకో బంతి విసిరేవాడు. చెవిటోణ్ణి ఓడించడానికి అదొక ఎత్తు.

హోయ్ ఒక ఉపాయం చెప్పాడు. మూడో బేసు దగ్గర నిలబడే తన జట్టు కోచ్ స్ట్రైకైతే కుడి చెయ్యెత్తాలి, బాలైతే ఎడమ చెయ్యెత్తాలి. అంతే! పైసా ఖర్చు లేదు. ఒక మనిషి చెయ్యెత్తితే సరిపోయింది. తర్వాత ఆయన ఆట ఎట్లా మారిందో చూడండి. 1888లో వాషింగ్టన్ జట్టు తరఫున పెద్ద లీగుకెళ్లి, మొదటి ఏడాదే 82 బేసులు ‘దొంగిలించాడు’. అంటే బంతి విసిరేవాడి కన్నుగప్పి ముందు బేసుకు ఉరికాడు. లీగులో ఆ ఏడు అదే ఎక్కువ. 1889 జూన్ 19న ఒకే ఆటలో దూరం నుంచి బంతి విసిరి ముగ్గుర్ని హోమ్ ప్లేట్ దగ్గర ఔట్ చేయించాడు. జనానికీ తెలివొచ్చింది. చప్పట్లు ఆయనకు వినపడవని లేచి నిలబడి చేతులూ టోపీలూ ఊపేవాళ్లు.

అంపైర్లు ఇప్పుడు చేసే చేతి సైగలు కూడా హోయ్ వల్లనే వచ్చాయని ఒక మాట ఉంది. ఆటల చరిత్ర రాసినవాళ్లు అందుకు ఒప్పుకోరు. ఆ పద్ధతి ఆయన పెద్ద లీగులు మానిన తర్వాతే స్థిరపడింది. ఆయనకు లేని గొప్ప మనం అంటగట్టక్కర్లేదు, ఉన్నదే చాలు. ఆయన తర్వాత న్యూయార్క్ జట్టులో లూథర్ టేలర్ అనే బధిర ఆటగాడుంటే, తోటి ఆటగాళ్లే సైగల భాష నేర్చుకున్నారు. వినపడేవాళ్లు నేర్చుకుంటే పని జరుగుతుందని రుజువైంది గదా!

ఆట మానాక హోయ్, ఆయన భార్య అన్నా కలిసి సిన్సినాటి పక్కన మౌంట్ హెల్దీలో పాడి పెట్టుకున్నారు. ఆమె కూడా బధిరురాలే, బధిర పిల్లలకు పంతులమ్మ. దాదాపు 20 ఏళ్లు ఆ పాడే వాళ్ల బతుకు. పండగనీ పబ్బమనీ లేకుండా రెండు పూటలా పాలు పితకాల్సిన పని. గేదెలున్న మీకు మేం చెప్పాలా? ఇంటికెవరన్నా వస్తే గంట వినపడదు గదా, తలుపు కాడ పిడి లాగితే లోపల సీసపు గుండు దబ్బున కిందపడేట్టు పెట్టుకున్నారు. నేల అదిరితే చుట్టాలొచ్చారని తెలిసేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో వందలమంది బధిర కార్మికుల బాగోగులు చూసే ఉద్యోగమూ చేశాడు. కొడుకు జడ్జి అయ్యాడు. ఇది గమనించండి: తండ్రి చెప్పులు కుట్టినా, ఆ ఆరె కొడుకు మెడకు చుట్టుకోలేదు. మన దేశంలో కులం చేసే పని అక్కడ ఆయనకు జరగలేదు.

‘డమ్మీ’ అన్న పేరును హోయ్ దాచుకోలేదు. విలియం అని పిలిచినవాళ్లను సరిదిద్ది, డమ్మీ అనే పిలవమనేవాడు. తిట్టును బిరుదు చేసుకున్నాడు. మన దగ్గర 1994 నుంచి దండోరా ఉద్యమంలో కులం పేరును తలెత్తుకుని పేరు చివర పెట్టుకున్నవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

1961 అక్టోబర్ 7న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ ఆటకు మొదటి బంతి విసిరే గౌరవం 99 ఏళ్ల హోయ్‌కు దక్కింది. మైదానమంతా లేచి నిలబడింది. అదే ఏడు డిసెంబర్ 15న కన్నుమూశాడు.

ఇంతవరకే చెప్పి ఆపితే సగమే చెప్పినట్టు. అదే ఒహాయోలో పుట్టిన నల్లజాతి ఆటగాడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. 1884లో టొలీడో తరఫున పెద్ద లీగులో ఆడాడు. 1887 జూలైలో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు ఇక నల్లవాళ్లను తీసుకోవద్దని ఓటేశారు. ఆ తర్వాత నల్లవాళ్లకు పెద్ద లీగుల గేటు 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా తెరుచుకోలేదు. వాకర్‌కు చెవులున్నాయి, ఆట ఉంది, ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ అడగలేదు. అయినా గెంటారు. గేటు మూసిన మరుసటేడే తెల్లవాడైన హోయ్ లోపలికెళ్లాడు. ఇందులో హోయ్ తప్పు లేదు, ఆట నడిపే యజమానుల తప్పు ఉంది. ఆ కాలానికి దగ్గర్లోనే పూనాలో చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ బౌలింగుతో జట్టును గెలిపించేవాడు. టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో తాగాల్సొచ్చేది.

మిత్రులారా, ఇష్టముంటే చెయ్యెత్తితే చాలు, ఏర్పాటైపోతుంది. ఇష్టం లేకపోతే అన్నీ ఉన్నవాణ్ణి కూడా గేటు బయటే ఉంచుతారు. కాబట్టి “కష్టం” అన్నవాణ్ణి “నీకు ఇష్టం లేదని చెప్పు” అని నిలదియ్యండి.

మన ఇంటి సంగతీ చూసుకోవాలి. మన వాడల్లోనూ చెవిటి పిల్ల ఉంటే ఇంటి పనికి, గొడ్లకాడికి పంపి, “దానికేం చదువు” అంటున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గకుండా వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. సైగల భాష వచ్చిన టీచర్లను, వాళ్లలో వైకల్యమున్నవాళ్లను కూడా, పెట్టాలని అదే చట్టం చెబుతోంది. ఊరూరా కార్యకర్తలు వాడలో ఇల్లిల్లూ తిరగండి. అట్లాంటి పిల్లల పేర్లు రాసుకోండి. పేరంటే మూగిది, చెవిటోడు కాదు, అమ్మానాన్న పెట్టిన పేరు. సర్టిఫికెట్ ఇప్పించండి, బడిలో చేర్పించండి. టీచర్ లేడంటే మండల ఆఫీసు ముందు కూర్చుందాం. మేము పంతుళ్లం కూడా మీతోపాటు కూర్చుంటాం.

జై భీమ్!