చిత్తా నక్షత్రము జరిగిన వైనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పండుగ సభలో నక్షత్రముల ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. వ్రాసిన లెక్క నిలిచినందువలన కలుగు లాభమును, అది నశించినందువలన కలుగు నష్టమును ఒక్కచోట చూపగల కథ ఇంతకంటె వేరొకటి నాకు కనబడలేదు. గాన యవనుల, అనగా ప్రాచీన గ్రీకుల, నక్షత్ర పట్టికను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

క్రీ.పూ. 3వ శతాబ్ది ఆరంభమున, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున తిమోకారిసు అను ఖగోళజ్ఞుడు కొన్ని తారల స్థానములను కొలిచి వ్రాసిపెట్టెను. మనము చిత్త యని పిలుచు తార వానిలో నొకటి. సెప్టెంబరు 23 ప్రాంతమున పగలును రాత్రియు సమమగునాడు సూర్యుడు నిలుచు స్థానమును విషువద్బిందు వందురు. ఆ బిందువునకు చిత్త 8 డిగ్రీలు పడమటగా నున్నదని ఆయన కొలత. సుమారు 160 ఏండ్లకు పిమ్మట, నైసియాలో పుట్టి రోడ్సు ద్వీపమున పనిచేసిన హిప్పార్కసు అదే తారను కొలువగా 6 డిగ్రీలే వచ్చెను.

ఎట్లు కొలిచిరి? సూర్యుడున్నప్పుడు తార కనబడదు. తార కనబడునప్పుడు సూర్యుడుండడు. ఇక సూర్యుని స్థానము నుండి తారకు కొలత పట్టుట యెట్లు? చంద్రగ్రహణమును ఆశ్రయించిరి. గ్రహణ సమయమున చంద్రుడు సూర్యునకు సరిగా ఎదుటి బిందువున నుండును. సూర్యుని స్థానము గణితము వలన తెలియును. దాని కెదురుది చంద్రుని స్థానము. అచ్చటి నుండి చిత్తకు గల యెడమును కొలిచినచో చిక్కు విడిపోవును. దూరదర్శిని లేని కాలమున పన్నిన ఈ యుపాయమును తలచినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

తేడా 2 డిగ్రీలు. పాతవాని కొలత తప్పని కొట్టివేయుట సులభము. హిప్పార్కసు అట్లు చేయలేదు. గ్రామ లెక్కలు వ్రాయువారికి ఇట్టి సందేహము క్రొత్తది కాదు: గట్టు జరిగినదా, కొలతకు మూలమైన రాయి జరిగినదా? రాయియే జరిగినదని ఆయన నిర్ణయించెను. విషువద్బిందువే పడమటికి జరుగుచున్నదనియు, అది నూరేండ్లకు ఒక డిగ్రీకి తక్కువ కాదనియు చెప్పెను. నేటి లెక్క 72 ఏండ్లకు ఒక డిగ్రీ. భూమి యక్షము వాలిన బొంగరమువలె సుమారు 26,000 ఏండ్లకొక చుట్టు తిరుగుట దీనికి కారణము. 72 ఏండ్లనగా ఒక నిండు జీవితము. తిమోకారిసు వ్రాయకుండినచో, హిప్పార్కసు ఎంత కన్ను చించుకొని చూచినను ఈ చలనము ఆయనకు దొరకెడిది కాదు.

దీనినే మన పంచాంగకర్తలు అయన చలన మందురు. సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 22 ప్రాంతముననే జరుగుచుండగా, మనము పొంగలి వండుకొను మకర సంక్రాంతి జనవరి 14 ప్రాంతమున వచ్చుట ఈ చలనము ఫలితమే. భారత ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన నియమించిన పంచాంగ సంస్కరణ సంఘము అయనాంశకు గుర్తుగా పెట్టుకొన్న తారయు ఈ చిత్తయే. హిప్పార్కసు నాడు విషువద్బిందువునకు 6 డిగ్రీలు పడమట నున్న చిత్త నేడు సుమారు 24 డిగ్రీలు తూర్పున నున్నది. మన జ్యోతిషములోని హోర, కేంద్రము, లిప్త అను మాటలు యవన పదముల నుండి వచ్చినవని పండితులు చెప్పుదురు. ఇచ్చిపుచ్చుకొనుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు.

హిప్పార్కసు తారల పట్టికయు వ్రాసెను, అది నశించినది. మనకు దక్కినది క్రీ.శ. 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో టాలెమీ రచించిన ‘అల్మాజెస్టు’లోని పట్టిక. 48 మండలములు, 1,020కి పైబడిన తారలు, కాంతిని బట్టి ఆరు తరగతులు. తానే పరికించితినని టాలెమీ వ్రాసినాడు. అయితే ఆయన తారల రేఖాంశములన్నియు మొత్తము మీద ఒక డిగ్రీ తక్కువగా నున్నవి. నూరేండ్ల కొక డిగ్రీ చొప్పున 2 డిగ్రీల 40 నిమిషములను హిప్పార్కసు అంకెలకు కలిపినచో సరిగా ఇట్టి లోపమే వచ్చును. పొలము త్రొక్కకుండ నిరుటి అడంగలుకు క్రొత్త తేదీ వేసినట్లని విమర్శకుల యభియోగము. 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు న్యూటను ‘టాలెమీ నేరము’ అను అర్థమిచ్చు పేరుతోనే గ్రంథము ప్రకటించెను.

నా మనసు అంత దూరము పోదు. పాత అంకెకు కూడిక వేయుట దోషము కాదు; చెప్పకుండుట దోషము. పారశీక పండితుడు అల్ సూఫీ క్రీ.శ. 964లో ‘స్థిర తారల గ్రంథము’ వ్రాయుచు టాలెమీ రేఖాంశములకు 12 డిగ్రీల 42 నిమిషములు కలిపితినని బాహాటముగా చెప్పెను. తారల కాంతిని మాత్రము స్వయముగా చూచి దిద్దెను. ప్రతి మండలమునకు రెండు బొమ్మలు వేయించెను: నేల మీద నిలిచి చూచినట్లొకటి, గోళము మీద వెలుపలి నుండి చూచినట్లొకటి. సమరఖండు ప్రభువు ఉలుగ్ బేగు 1437 నాటి పట్టికలో తారలను మరల కొలిపించెను. తన యూరి నుండి కనబడని దక్షిణపు తారలను మాత్రము అల్ సూఫీ నుండి తీసికొన్నాడు.

1515లో జర్మనీ చిత్రకారుడు డ్యూరరు ఉత్తర దక్షిణ నభోమండలములను చెక్క అచ్చులతో ముద్రించెను. యూరపులో అచ్చయిన తొలి నక్షత్ర పటములివి. ఉత్తర పటము నాలుగు మూలల నలుగురు పెద్దలున్నారు: తారలను పద్యములలో వర్ణించిన గ్రీకు కవి అరాటసు, టాలెమీ, రోమను కవి మానీలియసు, అల్ సూఫీ. హిప్పార్కసు లేడు. పుస్తకము లేనివానికి పటములో చోటెక్కడిది?

ఆ పుస్తకపు తునుక యొకటి ఇటీవల దొరకినది. సీనాయి కొండ కడ నున్న సెయింటు కాథరిను మఠమునకు చెందిన ఒక తోలు గ్రంథమున 9, 10 శతాబ్దుల ప్రాంతమున పాత గ్రీకు వ్రాతను గీకివేసి, దాని మీద సిరియాకు భాషలో మత గ్రంథమును వ్రాసిరి. మన తాటాకులకు చెదలు, వారి తోలు పుటలకు కత్తి! ఆ పత్రములను పలు రంగుల కాంతిలో ఛాయాచిత్రములు తీయగా అడుగున నున్న వ్రాత బయటపడినది. అందొక చోట ఉత్తర కిరీట మండలపు కొలతలు కలవు. అయన చలనమును బట్టి వెనుకకు లెక్కింపగా క్రీ.పూ. 129 ప్రాంతపు ఆకాశముతో అవి సరిపోవుచున్నవి; అది హిప్పార్కసు కాలము. 2022లో ప్రకటించిన ఈ పరిశోధనలో మరియొక విశేషము కలదు: ఈ అంకెలు టాలెమీ అంకెలతో పూర్తిగా కలియవు. అనగా టాలెమీ కేవలము ఎత్తివ్రాసినవాడు కాడని పరిశోధకుల యభిప్రాయము.

కొలతలు పూర్తిగా దొరకినది ఈ యొక్క మండలమునకే. వైశాఖ మాసమున రాత్రి భోజనములైన పిదప డాబా యెక్కి, ఎఱ్ఱగా వెలుగు స్వాతికి తూర్పుగా చూడుడు. విరిగిన గాజు ముక్కవలె వంపుగా కనబడు చిన్న తారల వరుస అదియే.