ఎల్లకోట గోలకొండ

చేవెళ్ల, మొయినాబాదు, కొండకల్ ప్రాంతములకు తూర్పున నిలిచిన గోలకొండను మనము రాజధానిగానే స్మరించుచున్నాము. కాని 1364 ప్రాంతమున అది రెండు రాజ్యముల నడిమి పొలిమేర. ఓరుగల్లునేలిన ముసునూరి కాపయ నాయకుడు బహమనీ సుల్తాను మహమ్మదు షాతో సంధి చేసికొని, ధనముతోపాటు ఈ దుర్గమును విడిచిపెట్టెను. గోలకొండయే ఎల్లయని ఉభయులు అంగీకరించిరి.

పడమటి వాకిలిని ఇచ్చివేసినను కాపయకు శాంతి దక్కలేదు. కొలది ఏండ్లకే భీమవరము యుద్ధమున ఆయన నిహతుడయ్యెను. గెలిచినవాడు సుల్తాను కాడు. సాటి తెలుగు నాయకుడగు రేచెర్ల అనపోతుడు.

తరువాత బహమనీల పక్షమున తెలంగాణమును పాలింప వచ్చిన సుల్తాన్ కులీ, 1518 ప్రాంతమున స్వతంత్రించి ఆ ఎల్లకోటనే రాజధాని చేసికొనెను. స్పెయినులో లియోను రాజ్యపు పొలిమేర సీమయగు కాస్టిల్ సయితము ఇట్లే పెరిగి 11వ శతాబ్దిలో రాజ్యమైనది. ఎల్లను కాయువాని చేతనే కోటయు, సేనయు ఉండును గదా!