శిరస్త్రాణమును తలపాగయు

సికింద్రాబాదు నుండి శామీర్‌పేట చెరువునకు పోవు బాటలో తిరుమలగిరి, బొల్లారము, హకీంపేట వరుసగా తగులును. ఇది చిరకాలముగా దండు దారి. నిజాము ధనముతో, ఆంగ్లాధికారుల ఆజ్ఞలో నడచిన హైదరాబాదు కాంటింజెంటునకు బొల్లారము ముఖ్యస్థానము. 1903లో ఆ సేన భారతసైన్యమున లీనము కాగా, దాని అశ్వదళములలో నొకటి 20వ డెక్కన్ హార్సు అను పేరు పొందెను. ఆ రౌతులు 1916 జూలై 14వ తేదీన ఫ్రాన్సు దేశమున, సోమ్ రణరంగములో, హైవుడ్ అను అడవి చెంత బల్లెములు చేపట్టి జర్మనుల మీదికి గుఱ్ఱములను దుమికించిరి. వారి తలలపై నుండినవి పాగాలు. ఎదుటి సైన్యమో, ఆ యేడే తోలు టోపిని విడిచి ఉక్కు టోపిని ధరింప నారంభించెను. ఆ రెండు జర్మను టోపీల కథయే నేడు మేము శ్రోతలకు మనవి చేయనున్నది.

తలపై ధరించునది తలను కాచుటయే గాక, ధరించినవాడెవడో లోకమునకు చాటును. పాగా తీసి పరుల పాదములపై నుంచుట యన నేమో మన పల్లెలలో నెవరికిని వివరింప నక్కరలేదు. ప్రష్యా రాజగు నాలుగవ ఫ్రెడరిక్ విల్హెల్ము 1842లో తన పదాతుల కొసగిన టోపియు నట్టి చాటింపే. గట్టిపఱచిన తోలుతో దానిని చేసి, ముందు ఇత్తడి గ్రద్ద చిహ్నమును, నడినెత్తిన ఇత్తడి మొనను నిలిపిరి. ఫిరంగి దళమువారికి మొనకు బదులు గుండు; బవేరియావారికి గ్రద్దకు బదులు సింహము. 1870-71లో ఫ్రాన్సును జయించిన పిదప ఆ మొన విజయచిహ్నమయ్యెను. 1878లో ఆంగ్ల పదాతులును, 1881లో అమెరికనులును మొన టోపీలు చేయించుకొనిరి! గెలిచినవాని వేషము నెవడు కోరడు?

అయితే మెఱుపు వేఱు, మన్నిక వేఱు. 1914లో కందకముల యుద్ధము మొదలు కాగా, ఫిరంగి గుండ్ల తునుకలు ఆ తోలును చీల్చుకొని మెదడున దిగసాగెను. తునుక చిన్నదైనను గాయము ఘోరమగుటను శస్త్రవైద్యుడు ఆగస్టు బియర్ గమనించెను. హనోవరు సాంకేతిక విద్యాలయమునకు చెందిన ఫ్రెడరిక్ ష్వెర్డు చెవులను, మెడను కప్పు ఉక్కు టోపిని రూపొందించెను. 1916 ఫిబ్రవరిలో వెర్డూన్‌పై దాడికి పోయిన దళములు దానిని ధరించెను. దానికి రెండు ప్రక్కల చిన్న బొడిపెలు కలవు. నుదుటికి అదనపు ఉక్కు రేకు తగిలించుటకును, గాలి యాడుటకును పెట్టినవవి. చూచువారికి మాత్రము కొమ్ములవలె తోచును.

చిత్రమేమనగా, 1917లో అమెరికా సైన్యము వేయించిన యొక గోడపత్రమున జర్మనీని గొరిల్లాగా చిత్రించి, దాని నెత్తిన మొన టోపినే పెట్టిరి. అప్పటికి పోరాటభూమిలో ఆ టోపి దాదాపు కనుమరుగయ్యెను. 1919లో న్యూయార్కులో ఋణపత్రముల విక్రయమునకై అట్టి టోపీలను సుమారు 12,000 గోపురముగా పేర్చిరి.

ప్రాణరక్షణకై పుట్టిన ఉక్కు టోపికి పట్టిన గతి ఇంతకంటె దారుణము. 1918 చివర మాజీ సైనికుల సంఘమొకటి 'ఉక్కు టోపి' యని పేరే పెట్టుకొనెను. 1920లో బెర్లినుపై దండెత్తిన ఎర్హార్టు దళమువారు దానిపై స్వస్తికమును పూసిరి; మన గడపలపై శుభమునకై దిద్దు గుర్తునకు అచట పట్టిన దుర్దశ యది. హిట్లరు కాలమున ఆక్రాంత నగరములందు ఆ టోపి నీడయే భీతి గొలిపెను.

మనవారికిని దానితో సంబంధము కలిగెను. ఉత్తరాఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికులతో సుభాస్ చంద్ర బోసు జర్మనీలో స్వతంత్ర భారత దళమును కూర్చెను. ఆయనకు తోడ్పడినవాడు హైదరాబాదువాసి ఆబిద్ హసన్. 1943లో జలాంతర్గామిలో బోసు వెంట తూర్పునకు వచ్చినవాడును ఆయనయే. ఆ దళమువారు జర్మను దుస్తులు తొడిగి, చేతిపై దుముకు పులి గుర్తును ధరించిరి. పలువురు ఉక్కు టోపియు పెట్టిరి. సిక్కులు మాత్రము పాగాలను విడువలేదు. స్వదేశ స్వాతంత్ర్యమునకై మనవారు తలకెత్తుకొన్న ఆ టోపియే, ఐరోపాలో పరుల స్వాతంత్ర్యమును త్రొక్కినవారి తలలపై నుండెను. ఈ చిక్కును మేము విప్పజాలము. దాచుటయు న్యాయము కాదు.

1955లో పశ్చిమ జర్మనీ క్రొత్త సైన్యమును నెలకొల్పి, ఆ పాత ఆకృతిని త్యజించి, అమెరికను టోపిని పోలినదాని నెన్నుకొనెను. 1980 తరువాత అమెరికనులే చెవులను, మెడను కాచుటకై తమ టోపి అంచును దింపగా, అది పాత జర్మను పోలికకే వచ్చెను. వారి సైనికులు దానిని 'ఫ్రిట్జు' యని హాస్యమాడిరి. 1992లో జర్మనులు తమ సేనకు తెచ్చుకొన్న టోపియు ఆ రూపముదే.