కంప్యూటరు తెరపై చలనచిత్రము



విజయవాడలో 1921వ సంవత్సరమున పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాశాలను నెలకొల్పిరి. ఫిలిము చుట్టను వెలుతురున కెత్తి చూచినచో, ఒకదాని క్రింద నొకటిగా వేలకొలది నిండు బొమ్మలు కానవచ్చును. మాటల చిత్రములు వచ్చిన పిమ్మట సెకనునకు 24 బొమ్మలు దీపము ముందు నడచుట వాడుకయైనది. ఆ యంత్రమునకు లెక్కలు కట్టు పని లేదు. బొమ్మ సిద్ధముగా నున్నది, దీపమున్నది, తెరయున్నది. నేడు కంప్యూటరునకు వచ్చు చలనచిత్రము అట్టిది కాదు. అందు నిండు బొమ్మలు మిక్కిలి కొలది. తక్కినవానిని యంత్రము అప్పటికప్పుడు కట్టుకొనవలెను. ఆ పని యంత్రములోని యే భాగము చేయుచున్నదన్నదే నేటి ప్రసంగ విషయము.

ఇది మన డెల్టావారికి పట్టని సంగతి కాదు. కృష్ణ కిరువైపుల ననేక కుటుంబములలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడియున్నారు. అచ్చటి పెండ్లియు, గృహప్రవేశమును, మనుమని అన్నప్రాశనమును మనకు వీడియోగా వచ్చును. ఇంటనున్న పాత కంప్యూటరున దానిని పెట్టినచో, సరిగా మంగళసూత్రధారణ వేళకు బొమ్మ నిలిచిపోవును, మంత్రము ముందునకు సాగును, పెట్టెలోని పంకా హోరుమనును. అంగడివాడు, “ఇది పాతబడినదండీ, క్రొత్తది తీసికొనుడు” అనును. అతని మాట నిజమే కావచ్చును, కాకపోవచ్చును. సొమ్ము చెల్లించుటకు ముందు లోపలి సంగతి తెలిసికొందము.

మొదట లెక్క చూతము. హై డెఫినిషను అనబడు నిండు బొమ్మకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు. హెచ్చవేసిన 20,73,600. చుక్క కొక్కంటికి మూడు బైట్ల చొప్పున, సెకనునకు 24 బొమ్మలకు, సుమారు 15 కోట్ల బైట్లగును. రెండున్నర గంటల చిత్రమునకు లక్ష కోట్లు దాటును. ఇంత రాశిని దాచుటయు కష్టము, తీగపై పంపుటయు కష్టము. కావున 2003లో వెలువడిన హెచ్.264 మొదలగు పద్ధతులచే దానిని కొన్నివందల వంతులు తగ్గించి కుదింతురు.

కుదించుట యెట్లనగా, ప్రకాశం బ్యారేజీని ఒడ్డున నిలిచి వీడియో తీసితిమనుకొందము. 1957లో పూర్తియైన ఆ కట్టడమును, దాని 70 తలుపులను, ప్రక్కనున్న ఇంద్రకీలాద్రిని సెకనునకు 24 మారులు వ్రాయనేల? ఒకమారు నిండుగా వ్రాసి, పిమ్మట “మునుపటి బొమ్మయే, పడవయున్న ముక్క మాత్రము నాలుగు చుక్కలు కుడికి జరిగినది” అని వ్రాసిన చాలును. దస్తావేజులలో ఒకమారు హద్దులన్నియు వ్రాసి, తరువాత “సదరు” అని సరిపెట్టినట్లే. వరద దినములలో నీరంతయు సుళ్లు తిరుగుచుండగా తీసిన బొమ్మ మాత్రము ఇంత తేలికగా కుదియదు. అచ్చట ప్రతి యలయు క్రొత్తదే గదా!

కుదించినదానిని చూచునపుడు మరల విప్పవలెను. హెచ్.264 పద్ధతిలో బొమ్మను పదునాఱు చుక్కల చదరపు గళ్లుగా విభజింతురు. నిండు బొమ్మకు ఇట్టివి 8,160. సెకనునకు ఇంచుమించు రెండు లక్షల గళ్లు. ఒక్కొక్క గడి యెచ్చటినుండి జరిగినదో, ఎంత మాఱినదో లెక్కకట్టి, అంచులు నునుపుచేసి తెరకందింపవలెను. ఒక్క బొమ్మ యాలస్యమైనను కన్ను పసిగట్టును.

కంప్యూటరులో ప్రాసెసరనునది చేయితిరిగిన పాలేరు వంటిది. దుక్కి దున్నును, నీరు పెట్టును, బండి తోలును. ధాన్యము దంచుమన్న దంచును. కాని నూరు బస్తాలు రోకటితో దంచుమనిన నతడు చెమటలు క్రక్కి కూలబడును. రైసుమిల్లునకు దున్నుట తెలియదు. బియ్యము చేయుట యొక్కటే తెలియును. గ్రాఫిక్సు కార్డులో వీడియోను విప్పుటకై ప్రత్యేకముగా నిర్మించిన చిన్న భాగమే యీ మిల్లు. పనిని పాలేరు నుండి మిల్లునకు మార్చుటనే హార్డువేరు యాక్సిలరేషను అందురు. 2006లో బ్లూరే బిళ్లలు అంగడులకు వచ్చిన కాలమున చాల యంత్రములు ఈ బరువునకు తడబడినవి. ఆ రోజులలోనే ఎన్విడియా, ఏ.టి.ఐ. సంస్థలు తమ కార్డులలో నిట్టి భాగములను చేర్చినవి. 2012లో ఇంగ్లండునుండి వెలువడిన రాస్ప్బెర్రీ పై అను అరచేతిలో నిముడు పలక సంగతి మఱియు విచిత్రము. దాని ప్రాసెసరు మిక్కిలి బలహీనము. ఐనను హెచ్.264 చిత్రమును నిండు హై డెఫినిషనులో నిరాటంకముగా చూపెను, మిల్లు లోపలనున్నది కావున. మన యిండ్లలో టెలివిజను క్రింద నుండు సెట్‌టాప్ పెట్టెలోను ఇదియే కిటుకు.

ఇచ్చట నొక మెలిక యున్నది. మిల్లు తనకు తెలిసిన ధాన్యమునే ఆడును. హెచ్.265, వి.పి.9 అను పద్ధతులు 2013లోను, ఏ.వి.1 అనునది 2018లోను వచ్చినవి. అంతకు పూర్వపు కార్డునకు వాని సంగతి తెలియదు. అపుడు భారమంతయు పాలేరు నెత్తిన పడును. నేటి ఫోనులు పెక్కు హెచ్.265లో చిత్రించుచున్నవి. మనుమడు పంపిన వీడియో నిలిచిపోవుచు, పాత సినిమా మాత్రము చక్కగా నాడుచున్నదనిన, కారణము తఱచుగా నిదియే.

ఆటలకై చేసిన ఖరీదైన కార్డు సినిమా చూచుటకై కొనుట నా దృష్టిలో దండుగ. దాని ధర యంతయు ఆటల బొమ్మలను గీయు వేలకొలది లెక్కల గదులకే. వీడియో విప్పు భాగము వేఱు, మిక్కిలి చిన్నది. సామాన్య ప్రాసెసరులతో కలిసివచ్చు గ్రాఫిక్సులో సైత మిది కలదు.

విండోసు 10 గాని 11 గాని యున్నయెడల, ఇంటి కుఱ్ఱవానిచే టాస్కు మేనేజరు తెఱపించి, వీడియో ఆడుచుండగా గ్రాఫిక్సు పుటలో “వీడియో డీకోడు” అను రేఖను చూడుడు. అది లేచియున్న మిల్లు నడచుచున్నది. నేలకంటియుండి, ప్రాసెసరు మాత్రము నూటికి నూఱుపాళ్లు శ్రమించుచున్నచో, ముందు డ్రైవరును సరిచేయించుడు. బ్రౌజరులో చూచుచున్నచో అందలి హార్డువేరు యాక్సిలరేషను మీటను వేయించుడు. ఇవి రెండును సొమ్మక్కఱలేని పనులు. అప్పటికిని కుదరనిచో ఆ వీడియోను హెచ్.264లోనికి మార్పించుకొనవచ్చును. పాత యంత్రమున కది రాత్రియంతయు పట్టవచ్చును, ప్రతి కొంత పెద్దదియు కావచ్చును. మార్చునపుడు స్పష్టత కొంచెము తగ్గును గాన, పిల్లలు పంపిన మూలప్రతిని మాత్రము చెఱిపివేయింపక వేఱుగా దాచియుంచుడు.