మగ్గం దగ్గర మందుల పాఠం

మేము బరంపురం పట్టు నేతగాళ్లం, ఎనిమిదో తరగతి చదువులోళ్లం. మా సంఘంలో ఒక నేతగాడి కూతురు విదేశంలో డాక్టరు చదివి వచ్చింది. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే ఎఫ్‌ఎంజీఈ గట్టెక్కాలి. 300 మార్కులకి 150 రావాలి. మొదటిసారి పోయింది. ఫార్మకాలజీయే ముంచిందంది. అప్పు అలాగే ఉంది.

రాత్రులు మగ్గం పక్కన కూర్చుని మాకే ఒప్పజెప్పేది. పేరు చివర 'ప్రిల్' ఉంటే బీపీ మాత్ర, కొందరికి పొడిదగ్గు తెస్తుంది. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు.

ఒకనాడు మా పెద్దాయన దగ్గుతుంటే చదువు ఆపేసింది. దుమ్ము వల్లనుకున్నాం మేమంతా. మాత్రల అట్ట తెప్పించి చూస్తే ఎనలాప్రిల్! తను మార్చలేదు, డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన వేరే మాత్ర రాసేరు. నెలలో దగ్గు తగ్గింది.

డిసెంబరులో మళ్లీ రాస్తుంది. పుస్తకం మేమే పట్టుకుంటున్నాం. తప్పు చెబితే ఇప్పుడు మాకూ తెలుస్తోంది.