పుష్యమాసపు చుట్టరికము



పుష్యమాసము వచ్చినదనగా మన పల్లెలలో ప్రయాణముల కాలము వచ్చినదని యర్థము. వానకాలపు పంట ఇల్లు చేరియుండును. యాసంగి నాట్లు పడులోపల కొద్దిదినముల తెఱపి దొరకును. వర్షములలో దారుల నడ్డగించిన కడెము, పెన్‌గంగ, ప్రాణహిత మొదలగు నదులు శాంతించియుండును. చలి మాత్రము మిక్కుటము. ఆదిలాబాదు అడవిపట్టులలో నీ దినములందు తెల్లవాఱుజామున ఐదాఱు డిగ్రీలకు దిగుట కలదు. అయినను గొంగడి కప్పుకొని బంధువుల యిండ్లకు బయలుదేరుట మన పెద్దల వాడుక.

బండిలో వరిగడ్డి పఱచి, దానిపై బొంత వేసి, పిల్లలను నడుమ కూర్చుండబెట్టి, కోడికూతకు ముందే యెడ్లను కట్టిన దినములు మీలో పెక్కురకు జ్ఞాపకముండును. పది కోసుల దూరము పోవుట కొక దినము పట్టెడిది. పిమ్మట 1929 నాటికి కాజీపేటనుండి బల్లార్షాకు రైలుదారి పూర్తియై పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతముల వారికి దూరపు ప్రయాణము సుకరమైనది. 1932లో నిజాము రైలుసంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. 2017 నాటికి పెద్దపల్లి నుండి కరీంనగరు మీదుగా నిజామాబాదుకు రైలుదారియు పూర్తియైనది. ఇప్పుడు ఒక పూటలో పోయి రాదగిన చోటికి మన తాతలు రెండు దినములు నడచినారు. దారి యింత సులభమైనను, మన రాకపోకలు మాత్రము నానాటికి తగ్గుచున్నవి. దీనికి కారణమేమి? ఈ విషయమే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

కరీంనగరు ప్రాంతమున సంక్రాంతికి సకినాలు చేయని యిల్లు అరుదు. బియ్యము నానబెట్టి, పిండి పట్టి, నువ్వులును వామును కలిపి, పఱచిన బట్టపై చేతితో చుట్లు చుట్లుగా పోయుదురు. ఇది యొక్కరివలన నగు పని కాదు. నేడు మీ యింట, రేపు మా యింట అని ఇరుగుపొరుగు స్త్రీలు వంతులు వేసికొని చేయుదురు. తమకొఱకు చేసికొనునది కొంత, పంచిపెట్టునది మిక్కిలి. కూతురు అత్తవారింటికి మరలునపుడు సకినాల మూట లేక కదలదు. మన యాడబిడ్డలు పుట్టింటికి ముఖ్యముగా వచ్చునది బతుకమ్మకే యైనను, అప్పుడు రాలేనివారిని ఈ దినములలో పిలుచుకొనుట కలదు. ఈ పిలుపు ఎందులకో, దీని పరమార్థమేమో తెలియవలెనన్న, మన ప్రక్కనే యున్న గోండు సోదరుల యాచార మొక్కటి చూడదగినది.

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమున కేస్లాపూరను చిన్న గ్రామము కలదు. అచ్చట మెస్రం వంశపు గోండుల దైవమగు నాగోబా వెలసియున్నాడు. పుష్య బహుళ అమావాస్యనాటి రాత్రి ఆయనకు మహాపూజ జరుగును. ఆ పూజకు ఆదిలాబాదు పల్లెలనుండియే గాక మహారాష్ట్రమునుండియు మెస్రం వంశస్థులు కుటుంబములతో తరలివత్తురు.

పూజకు కావలసిన జలము గోదావరినుండి రావలెను. అందులకు జన్నారం మండలములోని కలమడుగు చెంత హస్తినమడుగను స్థలమునకు వంశస్థులు కాలినడకను పోవుదురు. పాదరక్షలు ధరింపరు. అడవిదారిని ఊరూర విడియుచు పోయి, ఝరి యను పాత్రలో జలము నింపుకొని, అదే విధముగా మరలివత్తురు. పోక రాకలలో దారిపొడుగున నున్న పల్లెలకు పండుగ వార్త తనంతనే తెలిసిపోవును. ఎవ్వరికిని వేఱుగ పిలుపు పంపనక్కఱ లేదు. జలము కేస్లాపూరు చేరిన పిమ్మట వారందఱును అచ్చటి మఱ్ఱిచెట్టు క్రింద విడిదిచేసి, అమావాస్యకై వేచియుందురు.

అక్కడి వంటల యేర్పాటు గమనింపదగినది. వచ్చిన కుటుంబములు ఎన్నియైనను వంట చేయుటకు 22 పొయ్యిలు మాత్రమే. మెస్రం వంశమునందలి 22 శాఖలకు అవి గుర్తులు. ఒక కుటుంబము వండిన తరువాత మఱియొక కుటుంబము అదే పొయ్యిమీద వండుకొనును. ఎవరి బియ్యము వారు తెచ్చుకొందురు. కలవాని కొక పొయ్యి, లేనివాని కొక పొయ్యి యను భేదము లేదు. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి చోటిచ్చి లేవవలసినదే.

ఇక అల్లుండ్ర సంగతి. మన యిండ్లలో పండుగకు వచ్చిన అల్లుడు పీటపై కూర్చుండును. ఇంటిల్లిపాదియు అతని చుట్టును తిరుగుదురు. కేస్లాపూరులో నట్లు గాదు. వంశపు ఆడపడుచులు కోనేటినుండి కుండలతో నీరు తెచ్చుటయందును, అల్లుండ్రు వారితో గూడి పుట్టమన్ను కలిపి పుట్టలు తీర్చుటయందును పాల్గొందురు. అల్లుడు అక్కడ దైవకార్యమున చేయి వేయుటకు వచ్చినవాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది భేటి. గోండులలో ఒకే సగకు చెందినవారు పరస్పరము సోదరులు. వారి నడుమ వివాహము కూడదు. అందుచేత కోడలు ఎల్లప్పుడును వేఱొక సగనుండియే రావలెను. అట్లు గత సంవత్సరమున పెండ్లియై వచ్చిన కోడండ్రు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసికొని, పెద్దముత్తయిదువల వెంట నాగోబా సన్నిధికి నడచివత్తురు. ఈమె మన యింటి కోడలు అని దైవమునకును పెద్దలకును ఎఱుక చేయుదురు. ఆ దినమునుండి యామె వంశపు పూజలలో పాల్గొన నర్హురాలగును. ఈ భేటి తీఱువఱకు ఆమె వంశమున పూర్తిగా చేరినట్లు కాదు. ఆమె వెంట వచ్చిన సొమ్మెంత, సారె యెంత యని అచ్చట నెవ్వరును అడుగరు. మనిషిని చూపుట, మనిషిని ఎఱుగుట, అంతియే.

ఈ కూటమికి గల బలము వెలుపలివారికిని తెలిసినది. 1940లో జోడేఘాటులో కొమురం భీము వీరమరణము పొందిన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతుల పరిశీలించుటకు హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్ర పండితుని నియమించినది. గోండుల మొఱలు వినవలెనన్న వారందఱును స్వయముగా చేరు చోటికే పోవలెనని యెంచి, ఆ దశాబ్దమునందే ఈ జాతరలో దర్బారు పద్ధతి ఏర్పఱచినారు. నేటికిని ఆ దర్బారు జరుగుచున్నది. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగిన క్రొత్త రాతిగుడి వంశస్థులు తమలో తాము వేసికొనిన చందాలతో కట్టినది. ఏటేట కలిసికొనువారు గనుక కలిసి కట్టగలిగినారు.

ఇప్పుడు మన యిండ్ల వైపు చూతము.

మానేటి యొడ్డున నొక గ్రామమున నేనెఱిగిన రైతు కలడు. అతనికి ఒక్కతే కూతురు. పెండ్లియైన మొదటి రెండు సంవత్సరములు పండుగకు కూతునల్లుని పిలిచి శక్తికి మించి కట్నకానుకలు పెట్టినాడు. మూడవ యేట పంట చెడినది. అల్లునికి బట్టలు పెట్టలేని నేను ఏ మొగముతో పిలుతును అని ఊరకున్నాడు. మఱుసటి యేడు పిలుచుటకు మఱింత సిగ్గయినది. ఇట్లు మూడు చలికాలములు గడచినవి. అక్కడ కూతురు, నాయన నన్ను మఱచినాడని లోలోపల కుమిలినది. అత్తవారు, కోడలికి పుట్టిల్లు లేనట్లే యని తేలికచేసి మాటాడసాగిరి. ఇరువురి నడుమ బస్సు దారి రెండు గంటలది.

నాలుగవ యేట ఆ పిల్ల పిలువకయే బయలుదేరి వచ్చినది. చంకలో బిడ్డ, చేతిలో తానే చేసిన సకినాల డబ్బా. ఆ బిడ్డకు రెండేండ్లు నిండినవి. తాత యెవరో ఎఱుగడు. ముసలివాడు తలుపు చాటున నిలుచుండి, బిడ్డా, నీకు పెట్టుటకు చీరైనను తేలేదు అన్నాడట. నేను చీరకు రాలేదు నాయనా అని యామె పలికినదట. ఆ రైతు స్వయముగా నాతో ఈ మాట చెప్పి చాలసేపు మౌనముగా నుండెను. పోయిన మూడేండ్లు మరలి రావు గదా!

పెద్దలారా, ఈ కథ యొక్క యింటిది కాదు. కానుకల బరువుచేత పిలుపు లాగిపోయిన యిండ్లు ప్రతి గ్రామమునను కలవు. పేదవాడు సిగ్గుచేత పిలువడు. కలవాడు ఆడంబరముగా పిలిచి పేదవాని సిగ్గును పెంచును. దీనిని మాన్పగలవారు మీరే. మా యూర పండుగకు వచ్చు అల్లునికి అన్నము తప్ప మఱేమియు పెట్టము, కోడలి పుట్టింటినుండి మఱేమియు కోరము అని నలుగురు పెద్దలు చావడిలో కూర్చుండి నిశ్చయించుకొన్నచో, ఆ మాట పేదయింటికి రక్షయగును. నిశ్చయము మొదట కలవాని యింటనే అమలు కావలెను. లేనివాడు మానినచో లేమి యందురు. కలవాడు మానినచో మర్యాద యందురు.

మఱియొక సంగతి. మన జిల్లాలనుండి ఎందఱో యువకులు పొట్టకూటికై గల్ఫుదేశములకు పోయినారు. సిరిసిల్ల నేతపనివారు తరతరములుగా భీవండికిని బొంబాయికిని పోయియున్నారు. వీరిలో పెక్కురకు ఏటేట వచ్చుటకు వీలుపడదు. టెలిఫోనులో మాట వినబడును, మొగము కూడ కనబడును. కాని తల్లికి చూపు మందగించినదో, ఇంటి వాసము పుచ్చినదో, భార్య యొంటరితనము నెట్లు భరించుచున్నదో అందు కానరాదు. అట్టివాడు రాలేనప్పుడు అతని యన్నయో మేనమామయో ఆ యింటికి పోయి రెండుదినము లుండి రావలెను. దూరమున నున్నవానికి అంతకంటె ధైర్యము లేదు.

ప్రయాణమునకు సంబంధించి కొన్ని మాటలు. రాకపోకలకు కేస్లాపూరువలె ఒక తిథి నిర్ణయించుకొనుడు. ఏటేట ఫలానా దినమున అందఱము పెద్దన్న యింట కలియుదుము అనినచో, పిలువలేదను నిష్ఠురమునకు తావుండదు. వచ్చినవారు తమ పాలు బియ్యమును పప్పును తెచ్చినచో ఆతిథేయునికి బరువుండదు. క్రొత్తకోడలిని వంటయింటికే పరిమితము చేయక, ముసలివారి చెంత కూర్చుండబెట్టి పేరుపేరున చుట్టరికము చెప్పుడు. బంధువులలో విధవరాలి యింటికిని, బిడ్డలు లేనివారి యింటికిని ముందుగా పోవుడు. వారిని మరచుట సులభము. పుష్యమాసపు తెల్లవాఱుజామున మంచు దట్టముగా నుండును, ఎదుటి బండి కానరాదు. కనుక ప్రొద్దెక్కిన పిమ్మట బయలుదేరి, చీకటి పడకముందే చేరుకొనుడు. పసిబిడ్డలను మోటారుసైకిలు ముందు కూర్చుండబెట్టి చలిలో తీసికొనిపోవలదు. ముసలివారికి చెవులకు బట్ట కట్టి, కప్పుకొనుటకు దుప్పటి వెంట నుంచుడు.

గోదావరి జలమునకై అడవిలో వట్టికాళ్లతో నడచువారికి బస్సులు దొరకక కాదు. నడచినగాని దారిలోని తమవారు కలియరని వారెఱుగుదురు. మనము నడువనక్కఱ లేదు. బస్సెక్కి పోయినను చాలును. ఈ యేడు మీ యింటినుండి పిలుపందని యాడబిడ్డ యున్నచో, కానుకకై వేచియుండక, రేపే కబురంపుడు.

సెలవు.